ప్లూటో కక్ష్యలో దొరికిన నెప్ట్యూన్ జాడ

శ్రీకాకుళం జిల్లాలో పెరిగినవాళ్లకి ఈ తేదీలు నోటికి వస్తాయి: మార్చి 9, 10, మళ్లీ అక్టోబర్ 1, 2. ఆ రోజుల్లో ఇంకా చీకటి ఉండగానే అరసవల్లి ఇంద్ర పుష్కరిణి పక్క నుంచి జనం లోపలికి కదులుతారు. అంతలో తూర్పు ఎర్రబడుతుంది, సూర్యుడు లేస్తాడు, ఆ లేత వెలుగు గాలిగోపురం మధ్యలోంచి వచ్చి అనివెట్టి మండపం దాటుకుని గర్భగుడిలో స్వామి పాదాల మీద పడుతుంది. కాసేపే ఉంటుంది. మబ్బు పట్టిందంటే అదీ ఉండదు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఉసూరుమంటూ బస్టాండు దారి పడతారు.

ఏడాదికి రెండుసార్లే ఎందుకు, అదీ ఆ తేదీల్లోనే ఎందుకు? సూర్యుడు లేచే చోటు రోజూ ఒకటే కాదు. ఉత్తరాయణంలో రోజుకి కొంచెం ఉత్తరానికి జరుగుతుంది, దక్షిణాయనంలో దక్షిణానికి. సరిగ్గా తూర్పున లేచేది మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతాల్లోనే. అరసవల్లి తేదీలు వాటికి దగ్గర్లోనే ఉన్నాయి, ఒకటి మార్చి 20కి పదిరోజుల ముందు, ఇంకొకటి సెప్టెంబర్ 22కి పదిరోజుల లోపు తర్వాత. ఆ రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి నాలుగు డిగ్రీలు దక్షిణంగా, కొంచెం అటూ ఇటూగా, లేస్తాడు. గుడి వాకిలి ఆ దిక్కుకి తెరుచుకుని ఉంది కాబట్టి ఉత్తరానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి ఆ వాకిట్లో పడతాడు. ఇంతవరకు చాలామందికి తెలుసు.

ఇప్పుడు క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెట్టండి. మార్చి 20 నుంచి సెప్టెంబర్ 22 వరకు 186 రోజులు. అక్కడి నుంచి మళ్లీ మార్చి 20 వరకు 179. రెండూ ఏడాదిలో సగాలే కదా, ఈ ఏడు రోజుల తేడా ఎక్కడిది? భూమి తిరిగే దారి గుండ్రం కాదు, కొంచెం కోలగా ఉంటుంది. జనవరి మొదటి వారంలో సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది, జూలై మొదటి వారంలో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరానికి పోతుంది. దగ్గరున్నప్పుడు జోరుగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. ఇది కెప్లర్ 1609లో చెప్పిన సంగతి. చలికాలం వైపు సగాన్ని భూమి వేగంగా దాటేస్తుంది కాబట్టి అటు రోజులు తక్కువ. టెలిస్కోప్ అక్కర్లేదు, లెక్కలేసే యంత్రం అక్కర్లేదు, సూర్యుడు లేచే చోటు చూసి గుర్తు పెట్టుకునేవాడు ఒకడుంటే చాలు, భూమి కక్ష్య గుండ్రం కాదని తేలిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ కోల ఆకారం కూడా శాశ్వతం కాదు. మిగతా గ్రహాలు లాగుతుండటం వల్ల అది తిరుగుతూ ఉంటుంది, సాగుతూ మళ్లీ దగ్గరవుతూ ఉంటుంది. దీనికి భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం కూడా తోడై, పెద్ద వాటా దానిదే, భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యే తేదీ సుమారు 58 ఏళ్లకి ఒక రోజు చొప్పున ముందుకి జరుగుతోంది. ఏడో శతాబ్దంలో కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ అరసవల్లి గుడి కట్టించాడని చెబుతారు. ఆ రోజుల్లో ఆ తేదీ జనవరిలో కాదు, డిసెంబర్‌లో పడేది.

అంటే కక్ష్య అనేది ఎవరో ఒకసారి గీసి వదిలేసిన గీత కాదు. దానికి గతం ఉంటుంది, ఆ గతం దాని ఆకారంలో ఎంతోకొంత మిగిలి ఉంటుంది. ఈ ఒక్క ఆలోచనని పట్టుకుని సౌరకుటుంబం మొదటి రోజుల దాకా వెళ్లిన శాస్త్రవేత్త రేణు మల్హోత్రా. 1961లో ఢిల్లీలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగారు. 1983లో ఐఐటీ ఢిల్లీలో ఫిజిక్స్‌లో ఎంఎస్, 1988లో కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు, చాలా ఏళ్లుగా అరిజోనా యూనివర్సిటీలో ప్రొఫెసర్. 6698 నంబరు గ్రహశకలానికి ఆమె పేరే పెట్టారు. హైదరాబాద్‌లో పెరిగిన మనిషి చేసిన ఇంత పెద్ద పని గురించి తెలుగులో దాదాపు ఏమీ రాయకపోవడం బాధ కలిగించే విషయం. ప్లూటో పేరెత్తితే చాలు, 2006లో దాన్ని గ్రహాల జాబితాలోంచి తీసేశారన్న ఒక్క ముక్క దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. అసలు కథ దాని హోదాలో లేదు, దాని దారిలో ఉంది.

ఆ కథలోకి వెళ్లే ముందు గ్రహాలు ఒకదాన్నొకటి లాగితే ఏమవుతుందో చూడాలి. దానికి విజయనగరం వైపు ఒకసారి పోవాలి. 1910లో హాలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం భయపడిపోయారు, అరిష్టమన్నారు. విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు మాత్రం ముత్యాల సరాల్లో దాన్ని భూమికి దూరపు చుట్టంగా చూపించారు, డెబ్బై ఎనభై ఏళ్లకోసారి దారిన పోతూ చూసి పోవడానికి వచ్చే చుట్టం. ఆ డెబ్బై ఎనభై అన్న మాట కవిత్వం కోసం వేసిన ఉజ్జాయింపు అనుకుంటారేమో, శాస్త్రప్రకారం కూడా అదే సరైన మాట. హాలీకి ఒకే ఒక్క కాలవ్యవధి లేదు. 1759 నుంచి 1835కి 76 ఏళ్లు దాటింది, 1835 నుంచి 1910కి 74 ఏళ్ల మీద కొన్ని నెలలే, 1910 నుంచి 1986కి మళ్లీ 76కి కాస్త తక్కువ. దారిలో గురుడు, శని ఎక్కడ ఎదురయ్యారన్న దాన్ని బట్టి ప్రయాణం సాగుతుంది లేదా తగ్గుతుంది.

దీన్ని మొదట లెక్కగట్టింది ఫ్రాన్స్‌లో ముగ్గురు: క్లెరో, లలాండ్, నికోల్ రేన్ లెపోట్ అనే మహిళ. 1758లో నెలల తరబడి కూర్చుని చేత్తోనే లెక్కలు వేశారు. గురుడి వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు ఆలస్యమవుతుందని, 1759 ఏప్రిల్ నడిమికి సూర్యుడి దగ్గరికి వస్తుందని చెప్పారు, ఒక నెల అటూ ఇటూ కావచ్చని కూడా అన్నారు. మార్చి 13న వచ్చింది. అప్పటికి నెప్ట్యూన్, యురేనస్ ఉన్నాయనే ఎవరికీ తెలియదు. ఆ లెక్కలో కూర్చున్న ఓపిక తల్చుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే తోకచుక్క కథలో లాగుడు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. సాధారణంగా గ్రహాల మధ్య కూడా అంతే, ఒకసారి ముందుకి లాగితే ఇంకోసారి వెనక్కి, మొత్తం మీద చెల్లుకి చెల్లు. కానీ రెండు వస్తువుల తిరిగే కాలాలు చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తిలో పడ్డాయనుకోండి, ఒకటి రెండు చుట్లు తిరిగేలోగా ఇంకొకటి సరిగ్గా మూడు, అప్పుడు అవి ప్రతిసారీ దారిలో ఒకే చోట ఎదురుపడతాయి. అదే లాగుడు, అదే వైపు, మళ్లీ మళ్లీ. ఉయ్యాల ఊపేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. చిన్నపిల్ల అయినా సరైన క్షణంలో వేలితో నెడుతూ పోతే పెద్దమనిషి కూర్చున్న ఉయ్యాల కూడా ఎత్తుకి లేస్తుంది, తప్పు సమయంలో నెడితే ఎంత బలమున్నా వృథా. దీన్ని అనునాదం అంటారు. గురుడి చుట్టూ ఐవో 4 చుట్లు తిరిగేలోగా యూరోపా 2, గానిమీడ్ 1 తిరుగుతాయి. ఆ పట్టు వల్లే ఐవో లోపలంతా నలిగి వేడెక్కి అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతోంది, 1979లో వాయేజర్ 1 అనే నౌక వాటిని కళ్లకి చూపించింది. కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల్లో గురుడితో 3:1, 5:2 నిష్పత్తులు పడే చోట్ల ఖాళీలు ఉంటాయని డేనియల్ కిర్క్‌వుడ్ 1866లోనే గమనించాడు. ఒకే అనునాదం ఒకచోట కాపలా కాస్తుంది, ఇంకోచోట బయటికి గెంటేస్తుంది. ఎప్పుడు ఏది జరుగుతుందన్నదే ఈ శాస్త్రంలో అసలు కష్టం.

మల్హోత్రా మొదట పట్టుకున్నది యురేనస్ చందమామల్ని. 1986 జనవరిలో వాయేజర్ 2 అటు వెళ్లొచ్చింది, మిరాండా అనే చిన్న చందమామ కక్ష్య మిగతావాటికి భిన్నంగా నాలుగు డిగ్రీలకి పైగా వంగి ఉంది. ఎందుకలా? ఒకప్పుడు అది అంబ్రియెల్ అనే ఇంకో చందమామతో 3:1 పట్టులో పడి, ఆ పట్టులో వంగి, తర్వాత జారిపోయి ఉంటుందని మల్హోత్రా, ఆమె గైడ్ స్టాన్లీ డెర్మాట్ ఒకవైపు, జాక్ విజ్‌డమ్, విలియం టిటెమోర్ ఇంకోవైపు లెక్కలతో చూపించారు. ఇప్పుడు ఆ పట్టు లేదు, వంపు మాత్రం ఉంది. గాయం మానింది, మచ్చ మిగిలింది. ఆమె తర్వాత చేసిన పనంతా ఈ చూపులోంచే వచ్చిందని చెప్పొచ్చు.

ఇక ప్లూటో. 1930 ఫిబ్రవరిలో క్లైడ్ టామ్‌బా కనిపెట్టాడు. కక్ష్య లెక్క తేలగానే అందరికీ ఇబ్బంది మొదలైంది. గ్రహాలన్నీ దాదాపు గుండ్రటి దారుల్లో, దాదాపు ఒకే పళ్లెంలో తిరుగుతుంటే ఇది మాత్రం 17 డిగ్రీలు వంగి, బాగా కోలగా ఉన్న దారిలో పోతోంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక కొలతగా పెట్టుకుంటే నెప్ట్యూన్ 30 కొలతల దూరంలో ఉంది, ప్లూటో 49 కొలతల దాకా వెళ్లి మళ్లీ 30కి లోపలికి వస్తుంది. 1979 నుంచి 1999 వరకు ఇరవై ఏళ్లు అది నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా ఉంది. అంటే నెప్ట్యూన్ దారిని దాటి వస్తోంది. మరి కోట్ల ఏళ్లలో ఒక్కసారైనా నెప్ట్యూన్ దగ్గరికి పోయి విసిరివేతకి గురవ్వాలి కదా?

ఎందుకు అవలేదో 1965లో కోహెన్, హబ్బర్డ్ కంప్యూటర్‌తో తేల్చారు. నెప్ట్యూన్‌కి ఒక చుట్టు 165 ఏళ్లు, ప్లూటోకి 248. సుమారు 495 ఏళ్లలో నెప్ట్యూన్ మూడు చుట్లు, ప్లూటో రెండు. 3:2 పట్టు. ఒక కాగితం మీద గీసి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. రెండూ ఒకే వైపు వరసలోకి వచ్చిన రోజు ప్లూటో తన దారిలో బాగా దూరపు కొసలో, 49 దగ్గర ఉందనుకోండి. 124 ఏళ్లకి అది సగం చుట్టు తిరిగి సూర్యుడికి దగ్గరి కొసకి, నెప్ట్యూన్ దారి లోపలికి వస్తుంది. ఆ 124 ఏళ్లలో నెప్ట్యూన్ ముప్పావు చుట్టు తిరిగి ఉంటుంది, అంటే ప్లూటోకి 90 డిగ్రీలు పక్కన, ఎక్కడో దూరంగా. ప్లూటో మళ్లీ ఒక చుట్టు తిరిగి దగ్గరి కొసకి వచ్చేసరికి నెప్ట్యూన్ ఈసారి 90 డిగ్రీలు ఇంకో పక్కన. మళ్లీ రెండూ వరసలోకి వచ్చేసరికి ప్లూటో ఎప్పటిలా దూరపు కొసలో. దారులు కాగితం మీద దాటుకుంటాయి, అవి మాత్రం ఎప్పుడూ ఎదురుపడవు. పైగా ఈ వరస కొంచెం తప్పితే నెప్ట్యూన్ లాగుడే దాన్ని తిరిగి సరిచేస్తుంది, సుమారు 20,000 ఏళ్లకోసారి అటూ ఇటూ ఊగుతూ సర్దుకుంటుంది. ప్లూటో నెప్ట్యూన్‌కి 17 కొలతల కంటే దగ్గరికి పోదు. దారి దాటని యురేనస్‌కే అంతకంటే దగ్గరగా, 11 కొలతల దాకా పోతుంది, అదే విచిత్రం.

ఇక్కడితో ప్లూటో ఎలా బతికి ఉందో తెలిసింది. కానీ అక్కడికి ఎలా చేరింది? చాలాకాలం ఒక కథ నడిచింది, ప్లూటో ఒకప్పుడు నెప్ట్యూన్ చందమామ అని, ఏదో ఢీ కొట్టో లాగో బయటపడిందని. అలా విసిరిన వస్తువు వెళ్లి సరిగ్గా 3:2 పట్టులో, అదీ ఇంత భద్రంగా కూర్చోవడం అంటే గాల్లోకి విసిరిన తాళంచెవి తాళం కన్నంలో పడటం లాంటిది. పుట్టినప్పుడే ఆ దారిలో పుట్టింది అనడం కూడా సమాధానం కాదు. అంత వంకర కక్ష్యలో దుమ్ము, మంచు నెమ్మదిగా కలిసి పెద్దవ్వలేవు, వేగంగా గుద్దుకుని ముక్కలవుతాయి.

1993 అక్టోబర్‌లో నేచర్ పత్రికలో మల్హోత్రా ప్రశ్ననే తిరగేశారు. అప్పటికి ఆమె హ్యూస్టన్‌లో లూనార్ అండ్ ప్లానెటరీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్నారు. ప్లూటో వెళ్లి నెప్ట్యూన్ పట్టులో పడలేదు, నెప్ట్యూనే కదిలి వచ్చి ప్లూటోని పట్టుకుంది అన్నారు.

నెప్ట్యూన్ కదలడమేంటి అన్నదానికి ఆధారం 1984లోనే ఉంది. హులియో ఫెర్నాండెజ్, వింగ్-హుయెన్ ఇప్ అప్పటికే లెక్కగట్టారు. గ్రహాలు తయారయ్యాక చుట్టూ మంచురాళ్ల శిథిలాలు బోలెడన్ని మిగిలాయి. నెప్ట్యూన్ దగ్గరికొచ్చిన రాయిని అది లోపలికి విసిరితే, పడవలోంచి బరువైన మూట విసిరినప్పుడు పడవ వెనక్కి జరిగినట్టు, నెప్ట్యూన్ వెంట్రుకవాసి బయటికి జరుగుతుంది. బయటికి విసిరిన రాళ్లు చాలావరకు తిరిగొస్తాయి. లోపలికి విసిరినవి మాత్రం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ చివరికి గురుడి చేతిలో పడతాయి, గురుడికి ఉన్న బలానికి వాటిని సౌరకుటుంబం దాటించి పారేస్తుంది, తిరిగి రావు. అందుకని గురుడు కొద్దిగా లోపలికి, మిగతా మూడూ బయటికి. ఒక్కో రాయికి జరిగే దూరం లెక్కలోకి రాదు, కానీ రాళ్లు లెక్కలేనన్ని, కాలం కోట్ల ఏళ్లు.

నెప్ట్యూన్ బయటికి జరుగుతుంటే దాని 3:2 పట్టు పడే చోటు కూడా దాంతోపాటు బయటికి జరుగుతుంది, ఎందుకంటే ఆ చోటు ఎప్పుడూ నెప్ట్యూన్ దూరానికి 1.31 రెట్ల దగ్గరే ఉండాలి. కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగడం చూసినవాళ్లకి ఇది కళ్లకి కడుతుంది. పడవ మీద వలని లోపలికి తీసుకెళ్లి వంపుగా దింపి వస్తారు, ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని అంగుళం అంగుళం లాగుతారు, గంటలు పడుతుంది. వల కదులుతున్న కొద్దీ అంతకుముందు నీళ్లలో చెల్లాచెదురుగా ఉన్న చేపలన్నీ దాని ముందు ఒక్కచోటికి చేరతాయి. హడావుడిగా గుంజితే వల పైకి లేస్తుంది, చేప కిందనుంచి పోతుంది. నెప్ట్యూన్ వల కూడా అంతే, నెమ్మదిగా కదిలితేనే పట్టు నిలుస్తుంది, వేగంగా పోతే వస్తువులు జారిపోతాయి. దారి మొదట్లో గుండ్రంగా ఉన్న వస్తువు అయితే తేలిగ్గా చిక్కుతుంది.

చిక్కిన వస్తువు బయటికి మోసుకుపోబడుతుంటే దాని కక్ష్య సాగుతుంది. ఎంత దూరం మోస్తే అంత కోలగా అవుతుంది. ఈ లెక్కలో అందం ఇక్కడే ఉంది. కరెంటు మీటర్‌లో మొదటి రీడింగ్, ఇప్పటి రీడింగ్ ఉంటే ఎన్ని యూనిట్లు వాడారో ఎవర్నీ అడగక్కర్లేదు కదా, ప్లూటో కక్ష్య కోలతనం అలాంటి మీటర్. దాన్ని ఉత్కేంద్రత అంటారు, పూర్తి గుండ్రానికి సున్నా, ప్లూటోది ఇప్పుడు సుమారు 0.25. సున్నా దగ్గర మొదలై 0.25కి చేరాలంటే ప్లూటో 33 కొలతల దగ్గర చిక్కి ఇప్పటి సగటు దూరం 39.5 దాకా మోసుకురాబడాలి. అప్పటికి నెప్ట్యూన్ 25 దగ్గర ఉండాలి. అంటే నెప్ట్యూన్ కనీసం 5 కొలతలు, 75 కోట్ల కిలోమీటర్లు, బయటికి నడిచింది. ఒక చిన్న మంచుగోళం దారి ఆకారం చూసి, దానికంటే ఎన్నో రెట్లు పెద్దదైన గ్రహం 400 కోట్ల ఏళ్ల నాడు ఎక్కడుందో చెప్పగలిగారు.

మంచి ఊహకి అందం ఒక్కటే చాలదు, తప్పయితే దొరికిపోయే వీలు ఉండాలి. మల్హోత్రా ఊహకి అది ఉంది. వల ఒక్క చేపనే పట్టదు. నెప్ట్యూన్ నిజంగా కదిలి ఉంటే ప్లూటోలాంటివి 3:2 దగ్గర గుంపుగా ఉండాలి, 2:1 పడే చోట, అంటే 48 కొలతల దగ్గర, ఇంకో గుంపు ఉండాలి. ఇది రాసేటప్పటికి నెప్ట్యూన్ అవతల ప్లూటోని, దాని చందమామని తీసేస్తే మనిషి చూసిన వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. మొదటిదాన్ని డేవిడ్ జెవిట్, జేన్ లూ 1992 ఆగస్టులో హవాయిలో మౌనా కీ కొండ మీది నుంచి పట్టుకున్నారు. 1993 సెప్టెంబర్‌లో ఇంకొన్ని దొరికాయి, వాటిలో కొన్ని 3:2 పట్టులోనే ఉన్నాయని తర్వాత కక్ష్యలు గట్టిపడ్డాక తేలింది. అక్కడి నుంచి దొరుకుతూనే ఉన్నాయి. వాటికి ప్లూటినోలు, అంటే పిల్ల ప్లూటోలు అని పేరు పెట్టారు, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. 2:1 దగ్గర కూడా గుంపు ఉంది. ఆ ప్రాంతం మొత్తాన్ని కైపర్ బెల్ట్ అంటున్నారు.

వంశధార వరద తీశాక పొలాల్లో ఇసుక మేటలు మిగులుతాయి. నీరు పోయి నెలలైనా మేట వేసిన తీరు చూసి ఏరు ఎటు పొంగిందో, ఎక్కడ గట్టు తెగిందో రైతు చెప్పేస్తాడు. ప్లూటినోలు నెప్ట్యూన్ వేసిన మేటలు.

మొదటి లెక్కలో అన్నీ కుదిరాయని చెబితే అది నిజాయితీ కాదు. వల కథ కోలతనాన్ని చక్కగా వివరించింది కానీ 17 డిగ్రీల వంపు అంత తేలిగ్గా రాలేదు. 2005లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం పేరుతో వచ్చిన నమూనాలో గొమెస్, లెవిసన్, మోర్బిడెల్లి, సిగానిస్ అనే నలుగురు, పెద్ద గ్రహాలు అంత నెమ్మదిగా కదల్లేదని, మధ్యలో ఒక పెద్ద కుదుపు వచ్చిందని చెప్పారు. ఆ తర్వాత దానికి కూడా ఎన్నో సవరణలు వచ్చాయి. ఎంత కుదుపు, ఎంత నడక అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. గ్రహాలు పుట్టిన చోటే ఉండిపోలేదు అన్న మాట మాత్రం ఇప్పుడు ఈ రంగంలో పునాది. 1993కి ముందు అది పక్కన పడి ఉన్న ఊహ. దాన్ని పునాదిగా మార్చింది ప్లూటో దారే.

మల్హోత్రా అక్కడితో ఆ ప్లూటోని వదిలేయలేదు. 1988లో సస్‌మన్, విజ్‌డమ్ ఇద్దరూ కేవలం ఈ పనికే కట్టిన కంప్యూటర్‌తో ప్లూటో కక్ష్యని ముందుకి నడిపించి చూసి, అది కేయాస్ అని, అంటే మొదట్లో వెంట్రుకంత తేడా ఉన్నా రెండు కోట్ల ఏళ్లకి రెండు మూడు రెట్లు పెరిగిపోతూ పోతుందని చూపించారు. అలాంటిది ఇన్నాళ్లూ ఎలా నిలిచింది? 2022లో మల్హోత్రా, జపాన్‌కి చెందిన ఇటో కలిసి ఒక్కో గ్రహాన్నీ లెక్కలోంచి తీసి పెట్టి పరీక్షించారు. గురుడు ఉండటం వల్ల ప్లూటో దారి నిలకడగా ఉంటోంది, యురేనస్ దాన్ని చెడగొట్టాలని చూస్తోంది. మొత్తం మీద ప్లూటో ఒక పెద్ద గందరగోళానికి అంచున, ఆశ్చర్యపోయేంత దగ్గరలో నడుస్తోంది, పడటం లేదు.

ఇదే చూపు సౌరకుటుంబం లోపలి వైపుకి తిప్పినా పనిచేసింది. 2005లో రాబర్ట్ స్ట్రోమ్‌తో కలిసి చేసిన పనిలో చంద్రుడి మీద, కుజుడి మీద ఉన్న పాత గుంతల సైజుల పంపకం కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల సైజుల పంపకంతో సరిపోతోందని చూపించారు, అంటే ఏదో ఒక కాలంలో చిన్నా పెద్దా తేడా లేకుండా ఆ రాళ్లన్నీ ఒక్కసారి కదిలి లోపలికి పడ్డాయి. అలా సైజు చూడకుండా గెంటేది అనునాదమే. 2009లో డేవిడ్ మింటన్‌తో కలిసి, కిర్క్‌వుడ్ ఖాళీల అంచుల్లో ఉండాల్సిన గ్రహశకలాలు ఇప్పటి గ్రహాల వల్ల అంతగా తగ్గవని, గురుడు, శని ఒకప్పుడు జరిగినప్పుడు ఆ ఖాళీలు కూడా జరుగుతూ ఊడ్చుకుంటూ పోయాయని చెప్పారు. పౌర్ణమి రాత్రి చంద్రుడి మీద కనిపించే ఆ మచ్చల వెనక గురుడి నడక కూడా ఉండొచ్చన్నమాట.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఈ పనిలో చాలావరకు టెలిస్కోప్ అక్కర్లేదు. దొరికిన వస్తువుల కక్ష్యల వివరాలు అందరికీ ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గ్రహాల కదలికలు లెక్కగట్టే రీబౌండ్ లాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో కూర్చున్న పిల్ల, విజయనగరంలో ఎంఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లాడు మామూలు ల్యాప్‌టాప్ మీద సూర్యుణ్ణి, నెప్ట్యూన్‌ని, ప్లూటోని పెట్టి నెప్ట్యూన్‌ని కొంచెం కొంచెం బయటికి జరిపి, ప్లూటో కోలగా సాగడం తమ కళ్లతో చూడొచ్చు. మన దగ్గర ప్రాజెక్టు అంటే ఎవరో చేసినదాన్ని తెచ్చి బైండింగ్ చేయించి ఇచ్చేయడం అలవాటైపోయింది. ఇలాంటి ఒక్క లెక్కని చేతులారా చేసిన పిల్లలకి అనునాదం అన్న మాట జీవితాంతం గుర్తుంటుంది.

ఇక తేలాల్సినవి. 2016 జనవరిలో బాటిగిన్, బ్రౌన్ ఇద్దరూ కైపర్ బెల్ట్ అవతల ఎవరూ చూడని పెద్ద గ్రహం ఉండొచ్చని, దూరపు వస్తువుల కక్ష్యలు ఒకే వైపుకి మొగ్గి ఉండటమే దానికి గుర్తని చెప్పారు. అదే ఏడాది మల్హోత్రా, కాట్ వోక్, వాంగ్ వేరే దారిలో పోయారు. బాగా దూరం పోయే నాలుగు వస్తువుల కాలాలు చిన్న సంఖ్యల నిష్పత్తుల్లో ఉన్నాయా అని చూసి, కనిపించని గ్రహం ఒకటి ఉంటే అది భూమి–సూర్యుడి దూరానికి 665 రెట్ల దగ్గర, సుమారు 17,000 ఏళ్లకో చుట్టు తిరుగుతూ ఉండొచ్చని అంచనా వేశారు. 2017లో వోక్‌తో కలిసి 600కి పైగా కైపర్ బెల్ట్ వస్తువులు తీసుకుని, 50 నుంచి 80 కొలతల మధ్య ఉన్నవాటి సగటు తలం ఉండాల్సిన దానికంటే 8 డిగ్రీలు ఒరిగి ఉందని, కుజుడంత బరువున్నది ఏదైనా అక్కడ ఉంటే అలా ఒరగొచ్చని రాశారు. ఇలా ఊహించిన గ్రహాల్లో ఏదీ ఇంతవరకు కనిపించలేదు. అవి గ్రహాలు కాకపోవచ్చు, చూసిన చోటే మళ్లీ చూడటం వల్ల వచ్చిన తప్పు లెక్క కావచ్చు, ఆకాశంలో ఏ మూల ఎవరు ఎక్కువ వెతికారన్న దాన్ని బట్టి కూడా ఇలాంటి వంపులు పుట్టుకొస్తాయి. దీన్ని తేల్చడానికి వీలుగా చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ సిద్ధమైంది. 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెల్ కెమెరా, 2025 జూన్‌లో మొదటి ఫోటోలు విడుదలయ్యాయి, పదేళ్ల పాటు దక్షిణాకాశాన్ని మళ్లీ మళ్లీ తీస్తూనే ఉంటుంది. ఇప్పటికి వేలల్లో ఉన్న కైపర్ బెల్ట్ వస్తువులు దాంతో ఎన్నో రెట్లు పెరుగుతాయి.

అంతకంటే దగ్గర్లో, త్వరలో చేతికి అందబోయేది ఇంకొకటి ఉంది. కామొఓఅలేవా అనే చిన్న రాయి, 2016లో హవాయి నుంచి కనిపెట్టారు, సైజు 40 నుంచి 100 మీటర్ల మధ్య. అది తిరిగేది సూర్యుడి చుట్టూనే, అయినా భూమితో కలిసి నడుస్తూ భూమి చుట్టూ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. 2021లో దాని మీద పడి వచ్చిన వెలుగు విడదీసి చూస్తే చంద్రుడి మీది రాయిలా ఉందని తేలింది, ఆ బృందంలో మల్హోత్రా కూడా ఉన్నారు. 2023లో ఆమె సహచరులతో కలిసి, చంద్రుణ్ణి ఏదైనా గుద్దినప్పుడు ఎగిరిన ముక్క ఇలాంటి దారిలోకి చేరడం అరుదే కానీ సాధ్యమే అని కక్ష్యల లెక్కతో చూపించారు. 2025 మేలో చైనా తియాన్‌వెన్-2 అనే నౌకని అక్కడికి పంపింది, ఆ రాయి నుంచి కాస్త ముక్క తీసి భూమికి తెచ్చే పని దానిది. ఆ ముక్కని అపోలో వ్యోమగాములు తెచ్చిన చంద్రుడి రాళ్ల పక్కన పెట్టి చూసిన రోజున, కక్ష్యని చూసి పుట్టింటిని చెప్పిన ఆ లెక్క ఒప్పో తప్పో తేలిపోతుంది.